ఒకే మల శాంపిల్‌కు కార్డు ఒక మాట, ఎలైజా ఒక మాట, పీసీఆర్ మరో మాట: దేన్ని నమ్మాలండీ?

#1 కోనసీమ_ల్యాబ్
అందరికీ నమస్కారమండి. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి మూడేళ్లలోపు పిల్లల నీళ్ల విరేచనాల శాంపిల్స్ వస్తాయి. రోటా, అడినో వైరస్‌లు రెంటినీ గీతలుగా చూపే కాంబో కార్డు అప్పటికప్పుడు వేస్తాం. రోటా ఎలైజా (వైరస్ ఉంటే రంగు వచ్చే ప్లేటు పరీక్ష) వారానికోసారి. అనుమానం ఉన్నవి కాకినాడకు పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని పెంచి పట్టే పరీక్షకు) పంపుతాం.

చిక్కు మూడు రకాలుగా వస్తోంది. ఒకటి, కార్డులో అడినో గీత లీలగా కనబడుతుంది గానీ పీసీఆర్‌లో 40/41 (విరేచనాలు తెప్పించే అడినో రకాలు) రాదు. రెండు, ఎలైజాలో ఓడీ (రంగు ముదురును చెప్పే అంకె) 0.24, నెగటివ్ కంట్రోల్ 0.06. కిట్ కాగితం ప్రకారం నెగటివ్‌కు 0.2 కలిపితే కటాఫ్ (పాజిటివ్ అనడానికి హద్దు) 0.26, అంటే గట్టు మీద కూర్చున్నట్టే. మూడు, పీసీఆర్ రిపోర్టు కొన్నిటికి ‘ఇన్వాలిడ్’ అని వస్తుంది, శాంపిల్ మళ్లీ పంపమంటారు. అప్పటికి పిల్లకి విరేచనాలు కట్టేసి ఉంటాయి.

మలాన్ని పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో కలిపి సస్పెన్షన్ 10 శాతం చేస్తున్నాం. సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), 10 నిమిషాలు. తప్పు ఎక్కడుందో చెప్పండి.

#2 పిపెట్_పంతులు
యంత్రం దాకా వెళ్లకముందే సగం తప్పులు జరిగిపోతాయండి. ఏ ఫలితాన్ని నమ్మాలన్నది తర్వాత. ముందు శాంపిల్ చరిత్ర చూడాలి.

విరేచనాలు మొదలైన 48 గంటల్లోపు తీసింది అన్నిటికన్నా మేలు, 72 గంటల దాకా ఫరవాలేదు. రోటా బాగా ఉధృతంగా ఉన్నప్పుడు గ్రాము మలంలో వెయ్యి కోట్లకు పైగా వైరస్ కణాలుంటాయి, అందుకే ఆ రోజుల్లో కార్డు కూడా పట్టేస్తుంది. ఐదారు రోజులు దాటాక కార్డు చేతులెత్తేస్తుంది, పీసీఆర్ మాత్రం ఇంకా ‘ఉంది’ అంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. అడిగిన ప్రశ్నలే వేరు.

డైపర్ విషయం. లోపలున్న జెల్ నీటిని పీల్చేసి పిప్పి మిగులుస్తుంది, మీరు దాన్ని గీకి పంపుతారు. డైపర్‌ను తిరగేసి ప్లాస్టిక్ వైపు లోపలికి వచ్చేలా కట్టమనండి, లేదా లోపల శుభ్రమైన పాలిథీన్ ముక్క పరవమనండి. మూత్రం కలవకుండా పిల్లాణ్ని కాస్త పక్కకు పడుకోబెట్టాలి. స్వాబ్ తప్పనిసరైతే కర్రపుల్లకు దూది చుట్టినది, కాల్షియం ఆల్జినేట్‌ది వద్దు. అవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. నైలాన్ ఫ్లాక్డ్ లేదా పాలిస్టర్ స్వాబ్ వాడండి. అయినా స్వాబ్‌లో వచ్చే సరుకు తక్కువ, ఎలైజాకు చాలదు.

ఫార్మలిన్‌లో వేసిన శాంపిల్ పరాన్నజీవుల పరీక్షకు పనికొస్తుంది గానీ ఇక్కడ వద్దు. డబ్బా ఉత్తదై ఉండాలి. పిల్లల ఆసుపత్రిలో ‘స్టూల్ టెస్ట్’ అని ఒకే డబ్బా మూడు గదులకు తిరిగే అలవాటుంటే, వైరస్ వాటా ముందే 2 మిల్లీలీటర్లు విడిగా తీసి పెట్టండి.

#3 లంకరేవు
డబ్బా ప్రయాణం గురించి ఒక మాట. లంక ఊళ్లలో శాంపిల్ తీసిన చోటు నుంచి రేవు దాకా సైకిల్, అక్కణ్నుంచి పడవ, ఆ తర్వాత ఆటో. ఏప్రిల్–మే ఎండలో ఈ ప్రయాణం మూడు నాలుగు గంటలు పడుతుంది. ఐస్ కోసం కంగారు అక్కర్లేదు, రొయ్యల ప్యాకింగ్ జరిగే ఊరు ఏదైనా ఐస్ ఫ్యాక్టరీ ముక్కలు దొరుకుతాయి, థర్మోకోల్ పెట్టె కూడా. కాకపోతే వదులు ఐసు కరిగి డబ్బా మునుగుతుంది, మూత సందులోంచి నీరు లోపలికి పోతుంది. ఐసును రెండు పాలిథీన్ సంచుల్లో కట్టి, డబ్బాను మూతకు టేప్ చుట్టి ఇంకో జిప్ సంచిలో పెట్టి, మధ్యలో నీటిని పీల్చే గుడ్డో దూదో పెట్టాలి. జెల్ పెన్నుతో రాసిన పేరు గంటలో చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసి, పైన పారదర్శక టేప్ అంటించండి.

పెట్టెలో ఉష్ణమాపకం పెడితే ఎవరి మాటా నమ్మక్కర్లేదు. 8 డిగ్రీలు దాటిందా లేదా అన్నది అంకె చెబుతుంది.

#4 పిపెట్_పంతులు
లంకరేవు గారు చెప్పింది బంగారం. ఇంకొకటి చేర్చండి: ల్యాబ్‌కు చేరాక శాంపిల్‌ను ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. మంచు పేరుకోకుండా అది రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటుంది. వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు అది కరిగించి గడ్డకట్టించి చావగొట్టడమే. రెండు మూడు వారాల్లో పరీక్షిస్తారంటే 4 డిగ్రీలే నయం. ఎక్కువ కాలం అంటే మైనస్ 70. అది లేకపోతే చేతితో మంచు తీసే పాతరకం మైనస్ 20, చిన్న చిన్న వాటాలుగా. ఒక వాటాను ఒకసారే కరిగించండి.

ఇక స్పిన్. కోనసీమ_ల్యాబ్ గారూ, ఆర్‌పీఎం చెబితే ఏమీ చెప్పనట్టేనండి, రోటర్ వ్యాసార్థం చెప్పాలి. లెక్క: జీ విలువ (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో) = 0.00001118 × వ్యాసార్థం (సెంటీమీటర్లలో) × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం. మీ రోటర్ 15 సెంటీమీటర్లయితే 3000 ఆర్‌పీఎం అంటే సుమారు 1500 జీ. నాకు తెలిసి 3000 జీ అయినా ఉండాలి. అదే రోటర్‌లో దానికి 4230 ఆర్‌పీఎం దగ్గర పెట్టాలి, 15 నిమిషాలు. ట్యూబులు అంత వేగాన్ని తట్టుకుంటాయో లేదో ముందు చూసుకోండి. తేట కింద మడ్డి కదిలితే దాని ప్రభావం కార్డు పొరలోనూ కనబడుతుంది, ఆర్‌ఎన్‌ఏ తీసే కాలమ్‌లోనూ కనబడుతుంది.

#5 కోనసీమ_ల్యాబ్
అమ్మో, మాది 14 సెంటీమీటర్ల రోటర్. ఇన్నాళ్లూ 1400 జీలోనే తిప్పుతున్నామన్నమాట. మరి 10 శాతం అంటే తూకం వేయాలా? స్పూనుతో లెక్కేస్తే చాలదా?

#6 పిపెట్_పంతులు
గట్టి మలమైతే 0.1 గ్రాము తూచి 0.9 మిల్లీలీటర్ల పీబీఎస్‌లో వేయండి. నీళ్లలా ఉంటే 100 మైక్రోలీటర్లు, 900 పీబీఎస్. సన్న నోరు టిప్ మూసుకుపోతుంది కాబట్టి దాని కొన కత్తిరించి తీసుకోండి. బాగా ఉండకట్టిన వాటికి రెండు మూడు గాజు పూసలు వేసి 30 సెకన్లు వోర్టెక్స్, పది నిమిషాలు అలా వదిలి, మళ్లీ 30 సెకన్లు. ఎక్కువ వేస్తే ఎక్కువ వైరస్ వస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. 20 శాతం దాటితే అడ్డుపడే పదార్థాలే ఎక్కువవుతాయి.

#7 ఎలైజా_అక్క
0.24 గురించి నేను చెబుతాను.

కటాఫ్‌కు దగ్గరగా వచ్చిన ప్రతిదీ ‘కొంచెం పాజిటివ్’ కాదు. రోటా ఎలైజాలో నిజమైన పాజిటివ్ సాధారణంగా 1 దాటి, 2 కూడా దాటి వస్తుంది. 0.2 నుంచి 0.4 మధ్య వచ్చినదాన్ని తాజా సస్పెన్షన్ చేసి జంట వెల్స్‌లో (ప్లేటు గుంటల్లో) మళ్లీ వేయండి. మళ్లీ అక్కడే కూర్చుంటే ‘అనిశ్చితం’ అనే రాయాలి. పంపిన డాక్టరు తిట్టినా సరే.

ఇప్పుడు ఓడీ ఎందుకు పైకి పాకుతుందో చూద్దాం. మొదటిది కడగడం. ప్రతి వెల్‌కు 350 మైక్రోలీటర్లు, ఐదు సార్లు. ప్రతిసారీ ప్లేటును బోర్లించి పొడి కాగితం మీద గట్టిగా కొట్టాలి. చివరిసారి ఒక్క చుక్క మిగిలినా అందులో అంటుకోని కాంజుగేట్ (రంగు తెప్పించే ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ) ఉన్నట్టే. మన దగ్గర చాలామంది వాష్ బఫర్‌ను కుళాయి నీళ్లతో కలుపుతారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే పెరాక్సిడేజ్ అనే ఆ ఎంజైమ్ దెబ్బతింటుంది, సంకేతం పడిపోతుంది. సముద్రం దగ్గరి బోరు నీళ్లలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ కొనండి, డబ్బా ఖర్చు ప్లేటు ఖర్చు ముందు ఎంత?

రెండోది ఉష్ణోగ్రత. చాలా కిట్లు 20–30 డిగ్రీలు గది ఉష్ణోగ్రత అంటాయి. కరెంటు పోయి గది 36కు వెళ్తే రంగు ముందే ముదిరిపోతుంది, నెగటివ్ కంట్రోల్ కూడా పైకి వస్తుంది. ప్లేటు అంచు వెల్స్ మధ్య వాటికన్నా ముందు వేడెక్కుతాయి కాబట్టి కంట్రోళ్లన్నీ ఒక మూలన పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటు సంచి వెంటనే చింపొద్దు. మన ఉక్కపోతలో వెల్స్ లోపల చెమట పట్టి శాంపిల్ పలచబడుతుంది. సంచి మూసే ఉంచి అరగంట బయట పెట్టండి.

మూడోది రక్తం. రక్తంతో కూడిన మలంలో హీమోగ్లోబిన్ పెరాక్సిడేజ్‌లాగే కొంచెం పనిచేస్తుంది, కాబట్టి కడగడం సరిగా లేకపోతే దొంగరంగు వస్తుంది. దీనికి తలకిందులు సోడియం అజైడ్. ఎవరైనా నిల్వ బఫర్‌లో వేస్తే అది ఎంజైమ్‌ను చంపేసి నెగటివ్ చూపిస్తుంది.

ఒక్కమాట కార్డు గురించి: టైమర్ పెట్టండి. 10 నిమిషాలకు చదవమంటే 10కే. మీ లీల అడినో గీత 25 నిమిషాలకు కనబడిందా? ఎండిపోతున్న పొర మీద నీడలా వచ్చే గీత అది, పాజిటివ్ కాదు. కార్డు సంచి చింపాక గంటలోపు వాడేయాలి. లోపలి సిలికా జెల్ పొట్లం నీలం నుంచి గులాబీకి తిరిగిందంటే ఆ కార్డు పడేయండి.

#8 భీమవరం_పిల్లలడాక్టర్
లీల గీతల సంగతి సరే, అడినో గురించి వైద్యుడి వైపు నుంచి ఒకటి చెప్పాలి. మలంలో అడినో ఉన్నంత మాత్రాన విరేచనాలకు అదే కారణం కాదు. దగ్గు జలుబు వచ్చిన పిల్లలు మింగిన అడినో కూడా మలంలో వారాల తరబడి పోతుంది. విరేచనాలకు ప్రధానంగా కారణమయ్యేవి ఎఫ్ జాతిలోని 40, 41 రకాలు. కొన్ని కార్డులు అన్ని అడినోలకూ ఉమ్మడిగా ఉండే హెక్సాన్ అనే ప్రోటీన్‌ను పడతాయి. పీసీఆర్‌లో 40/41కు మాత్రమే అతికే ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేస్తే నెగటివ్ రావడం వింతేమీ కాదు. కార్డు కాగితంలో ‘40/41’ అని ఉందా, ఉత్త ‘అడినో’ అని ఉందా చూడండి.

ఇంకోటి, రోటా పాజిటివ్ వస్తే పిల్ల వయసు, టీకా తేదీ అడగండి. రోటా చుక్కలు జాతీయ కార్యక్రమంలో మొదలైన 2016లో మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటావాక్ టీకా ఒక్కోసారి నోటి చుక్కలు 5, వయసు 6, 10, 14 వారాలు. చుక్కలు వేసిన మొదటి వారంలో టీకా వైరసే మలంలో పోతుంది. ఎలైజా దాన్నీ వీధి వైరస్‌నూ వేరు చేయలేదు, రెండిటిలోనూ అది పట్టే వీపీ6 ప్రోటీన్ ఒకటే తీరు. రోటావాక్‌లోని 116ఈ వైరస్ జన్యురకం జీ9పీ[11], మన పిల్లల్లో తిరిగే వాటిలో ఎక్కువ పీ[8]. తేడా తెలియాలంటే జీనోటైపింగే (జన్యురకం తేల్చడమే) దిక్కు.

#9 కోనసీమ_ల్యాబ్
ఆయ్, కార్డు కాగితం చూశానండి. ఉత్త ‘అడినోవైరస్’ అనే ఉంది. ఇక ఇన్వాలిడ్ సంగతి మిగిలింది.

#10 ఆర్ఎన్ఏ_రాజు
ఇన్వాలిడ్ అంటే అంతర్గత కంట్రోల్ (పరీక్ష సరిగా నడిచిందని చూపే గుర్తు) రాలేదని. కాకినాడలో వాళ్లు బహుశా ఎంఎస్2 ఫేజ్ వేస్తారు. ఇది బ్యాక్టీరియాను తినే చిన్న ఆర్‌ఎన్‌ఏ వైరస్. లైసిస్ బఫర్‌లో (వైరస్‌ను పగలగొట్టే ద్రవంలో) దీన్ని కొలత ప్రకారం కలుపుతారు, చివరన దాని సీటీ (ఎన్నో చక్రంలో కనబడిందో చెప్పే అంకె, వైరస్ ఎక్కువైతే ఇది తక్కువ) ఎప్పటిలాగే ఒకే చోట రావాలి. రాలేదంటే ఆర్‌ఎన్‌ఏ తీయడం విఫలమైంది, లేదా మలంలోని పిత్త లవణాలు, సంకీర్ణ చక్కెరలు, బిలిరుబిన్, రక్తం పీసీఆర్ ఎంజైమ్‌ను పట్టేశాయి.

రెంటిలో ఏదో తేల్చే చౌక ఉపాయం: తీసిన ఆర్‌ఎన్‌ఏనే పదింతలు పలచన చేసి మళ్లీ వేయండి. అడ్డంకి లేకపోతే సీటీ సుమారు 3.3 ఆలస్యం కావాలి. ఆలస్యం కాకుండా అదే చోట వచ్చినా, ముందుగా వచ్చినా, నేరుగా వేసినప్పుడు అసలు రానిది పలచనలో వచ్చినా అడ్డంకి ఖాయం. పలచనలోనూ ఎంఎస్2 రాకపోతే కాలమ్ దగ్గరే పోయింది, మళ్లీ తీయాలి. పలచన చేయడంలో ఓ చిక్కు ఉంది, బలహీన పాజిటివ్ అందులో మాయమైపోతుంది. కాబట్టి ‘పలచనలో నెగటివ్’ అన్నదాన్ని ఖాయమైన నెగటివ్‌గా రాయకూడదు. బీఎస్‌ఏ అనే ప్రోటీన్ కొంచెం కలిపితే (మైక్రోలీటరుకు 0.1–0.4 మైక్రోగ్రాములు) కొన్ని శాంపిల్స్ దారికొస్తాయి.

మీరే ఆర్‌ఎన్‌ఏ తీసి పంపుతామంటే కాలమ్ పద్ధతి ఇదీ: 140 మైక్రోలీటర్ల తేట, 560 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్ (క్యారియర్ ఆర్‌ఎన్‌ఏ కలిపినది), 10 నిమిషాలు గదిలో. తర్వాత 560 మైక్రోలీటర్ల ఇథనాల్. కాలమ్‌లోకి 630 చొప్పున రెండు సార్లు, 6000 జీలో నిమిషం నిమిషం. రెండు వాష్‌లు, చెరో 500. రెండో వాష్ 20,000 జీలో 3 నిమిషాలు. అప్పుడు కొత్త ట్యూబులో పెట్టి ఒట్టి కాలమ్‌ను ఇంకో నిమిషం పూర్తి వేగంతో తిప్పాలి. చాలామంది ఈ చివరి స్పిన్‌ను దాటేస్తారు, మిగిలిన ఇథనాల్ పీసీఆర్‌ను చెడగొడుతుంది. మీ ఇన్వాలిడ్‌లలో కొన్ని ఇవే కావచ్చు. చివరకు 60 మైక్రోలీటర్లలో దించండి. లైసిస్ బఫర్ ఫ్రిజ్‌లో ఉండి గడ్డలు కడితే వేడి చేసి కరిగించాకే వాడాలి.

మరో ముఖ్య విషయం: ఆ లైసిస్ బఫర్‌లో గ్వానిడిన్ థయోసయనేట్ ఉంది. బల్ల మీద ఒలికితే బ్లీచ్ పోయకండి, విషవాయువు పుడుతుంది. ముందు తడిగుడ్డతో తీసి, నీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచ్.

#11 చక్రం
రాజు గారూ, రోటా ప్రత్యేకం మర్చిపోయారు. దాని ఆర్‌ఎన్‌ఏ రెండు పోగుల పేనిన తాడు. ప్రైమర్ అతకాలంటే పోగులు విడిపోవాలి. 95 డిగ్రీలకు 5 నిమిషాలు, వెంటనే ఐసు మీద. ‘వెంటనే’ అంటే బల్ల మీద పెట్టి మాస్టర్‌మిక్స్ (పీసీఆర్ మిశ్రమం) వెతుక్కోవడం కాదు, చల్లారుతుంటే పోగులు మళ్లీ కలుస్తాయి. నోరోకు (వాంతులు, విరేచనాలు తెప్పించే మరో వైరస్, నోరోవైరస్) ఒకే పోగు కాబట్టి ఇది అక్కర్లేదు. మల్టీప్లెక్స్ (ఒకే ట్యూబులో పలు వైరస్‌ల పరీక్ష) వేస్తూ ఈ మెట్టు దాటేస్తే నోరో బాగా వచ్చి రోటా మాత్రం ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ‘మన ప్రాంతంలో రోటా తగ్గింది’ అని తేల్చేస్తారు కొందరు.

#12 ఆర్ఎన్ఏ_రాజు
నిజమే, ఒప్పుకుంటున్నా. ఇక నోరోకు పీసీఆర్ వేయాల్సింది ఓఆర్‌ఎఫ్1–ఓఆర్‌ఎఫ్2 అనే జన్యుభాగాలు కలిసే చోటు, ఆ భాగమే రకరకాల నోరోల్లో ఎక్కువ మారకుండా ఉంటుంది. జీ1, జీ2 జన్యుసమూహాలకు వేర్వేరు ప్రోబులు (గుర్తుపట్టే ముక్కలు). ఒకే ట్యూబు పద్ధతిలో మొదట 50 డిగ్రీలకు ఆర్‌టీ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం), 95కు 10 నిమిషాలు, తర్వాత 45 చక్రాలు (95కు 15 సెకన్లు, 60కి నిమిషం).

#13 పాత_జెల్
ఇన్ని లక్షల యంత్రాలు లేనప్పుడు రోటాను ఎలా చూసేవారో కూడా చెప్పుకోవాలండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పిల్లల పేగు ముక్కలో దీన్ని చూసింది. చక్రంలా కనబడినందుకే లాటిన్‌లో ఆ పేరు. ఇప్పుడు మన చేతికొచ్చే పద్ధతి జెల్. ఫినాల్–క్లోరోఫాంతో ఆర్‌ఎన్‌ఏ తీసి, పాలీఅక్రిలమైడ్ జెల్‌లో రాత్రంతా నడిపి, వెండి రంగు వేస్తే 11 గీతలు వస్తాయి. ఎ సమూహం రోటాకు వాటి అమరిక 4-2-3-2. ఆ అమరికే వేలిముద్ర, దీనికి యాంటీబాడీ అక్కర్లేదు. కార్డూ ఎలైజా ఎ సమూహాన్ని మాత్రమే చూస్తాయి. పెద్దవాళ్లలో విరేచనాలు తెప్పించే బి సమూహం కోల్‌కతాలో లోగడ దొరికింది. జెల్‌లో వేరే అమరిక కనబడితే అక్కడ ఆగి ఆలోచించాలి. లోపం ఏమిటంటే, వైరస్ మెండుగా ఉండాలి, ఓపిక కూడా.

వెండి రంగుకు నీళ్లు శుద్ధంగా ఉండాలి, లేకపోతే జెల్ మొత్తం మసకబారిపోతుంది. క్లోరోఫాంకు పాలీస్టైరీన్ ట్యూబు వద్దు, అందులో అది మెత్తబడి కరిగిపోతుంది. పాలీప్రొపిలీన్ వాడాలి.

#14 ఎలైజా_అక్క
జెల్ మీద ప్రేమ బాగుంది గానీ, రోజుకు పాతిక శాంపిల్స్ వస్తే రాత్రంతా నడిపే తీరిక ఎవరికండీ? ఒక్క రోటా కావాలంటే ఎలైజా చాలు. పీసీఆర్ పిచ్చి పట్టి అన్నిటికీ వేస్తే లీల పాజిటివ్‌లతో అసలు కారణం మరుగున పడుతుంది.

#15 భీమవరం_పిల్లలడాక్టర్
అక్కగారితో ఏకీభవిస్తాను, ఒక్క మినహాయింపుతో. సీటీ 36 వచ్చిన పిల్లకు ఆ వైరస్సే కారణమని రాయను. విరేచనాలు లేని పిల్లల మలంలోనూ పీసీఆర్ ఎన్నో వైరస్‌లను పడుతుంది. కానీ నోరో విషయంలో ఎలైజా, కార్డు రెండూ అంత బాగా పట్టవు. అక్కడ పీసీఆర్ తప్పదు.

పెళ్లి భోజనాల తర్వాత ఊరంతా వాంతులు పట్టుకుంటే ఒక్కరి శాంపిల్‌తో తేల్చొద్దు, కనీసం ఐదారుగురివి తీయండి. ల్యాబ్ ఫలితం వచ్చేలోపు నోరోను పసిగట్టడానికి పరిశోధకుడు కేప్లాన్ 1982లో చెప్పిన నాలుగు గుర్తులు పనికొస్తాయి: సగం మందికి పైగా వాంతులు, తిన్న 24–48 గంటలకు మొదలు, 12–60 గంటల్లో తగ్గడం, మలంలో బ్యాక్టీరియా కారణం దొరక్కపోవడం. వాళ్ల చేతులకు స్పిరిట్ జెల్ చాలదు, సబ్బు నీళ్లే. బల్లలకు 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్) ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, 10 నిమిషాలు. ఎండాకాలంలో ఆ ద్రావణం నిల్వ ఉంటే బలం పోతుంది, రోజూ కొత్తగా కలపాలి.

#16 లంకరేవు
మధ్యలో ప్రశ్న. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేసి, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మొదటి నీటిని ఇదే కార్డుతో చూడొచ్చా?

#17 పిపెట్_పంతులు
వద్దండి. నీటిలో వైరస్ అంత పలచగా ఉంటే కార్డుకు ఏం కనబడుతుంది? లీటర్ల కొద్దీ నీటిని సాంద్రీకరించాలి, దానికి వేరే పరికరాలు, వేరే లెక్కలు. కోలిఫాం (మలపు బ్యాక్టీరియా) పరీక్ష బాగా వచ్చిందని వైరస్ లేదనుకోవడానికీ లేదు.

#18 కోనసీమ_ల్యాబ్
ఇన్వాలిడ్ వచ్చిన ఆరింటి మిగులు తేటను 3000 జీలో మళ్లీ స్పిన్ చేసి, కాలమ్‌కు ఒట్టి స్పిన్ కూడా చేసి, నేరుగానూ పదింతల పలచనలోనూ వేయించాను. ఐదింటికి ఎంఎస్2 రెండింటిలోనూ సరిగ్గా వచ్చింది. వాటిలో రెండు రోటా, సీటీ 20ల మొదట్లో. ఒకటి నోరో జీ2. ఆరోదానికి నేరుగా ఎంఎస్2 లేదు, పలచనలో వచ్చింది. లక్ష్య వైరస్ మాత్రం రెంటిలోనూ లేదు. దీన్ని ఏమని రాయాలి?

#19 ఆర్ఎన్ఏ_రాజు
‘అడ్డంకి ఉంది, పలచనలో కనబడలేదు’ అని ఉన్నదున్నట్టు రాయండి. ఆ శాంపిల్ రక్తపు చారలతో ఉందా?

#20 కోనసీమ_ల్యాబ్
ఉందండి. రిజిస్టర్‌లో ‘జిగురు, రక్తం’ అని రాసి ఉంది.

#21 భీమవరం_పిల్లలడాక్టర్
అయితే ఆ పిల్లకు వైరస్ వెతకడం ఆపి షిజెల్లా (రక్త విరేచనాల బ్యాక్టీరియా) కల్చర్ వేయించండి. శాంపిల్ వేసి పంపే కేరీ-బ్లెయిర్ మీడియం ఇప్పుడే పంపిస్తున్నాను.